పడవ ముక్కు ఎందుకు పైకి లేచింది?

పిల్లలూ! మీలో చాలామంది లక్నవరం చెరువు చూసే ఉంటారు. ములుగు నుంచి ఏటూరునాగారం వెళ్ళే దారిలో, గోవిందరావుపేట మండలంలో, అడవి కొండల నడుమ ఉన్నదీ చెరువు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, కొండల మధ్య సందులను కట్టలతో మూసి ఇక్కడ నీటిని నిలిపారు. నేటికీ ఆ నీరు పొలాలకు పారుతూనే ఉంది. చెరువు మధ్య దీవులు, వాటికి వేలాడే వంతెనలు, విహారానికి వచ్చినవారిని తిప్పే పడవలు ఉన్నాయి.

నిరుడు చలికాలంలో మా తొమ్మిదవ తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళాను. ఐదుగురు పిల్లలూ నేనూ లైఫ్ జాకెట్లు కట్టుకొని ఒక మోటారు పడవ ఎక్కాం. పడవ ఒడ్డు దాటగానే నడిపే ఆయన ఇంజన్ రేజ్ చేశాడు. అంతే! పడవ ముక్కు ఆకాశంవైపు లేచింది. ఇంజన్ హోరు పెరిగింది గాని వేగం పెరగలేదు. వెనుక నీళ్ళు గుట్టలాగా లేచి మమ్మల్ని వెంబడిస్తున్నాయి. ముందు ఏముందో కనిపించడమే లేదు.

ఆయన వెంటనే వేగం పూర్తిగా తగ్గించి పడవను నిలిపాడు. "సారూ, గా ఎనుక కూసున్న ఇద్దరు పిలగాండ్లను మెల్లగ ముందుకు జరగమనుండ్రి. ముక్కు లేస్తే ముంగట ఏమున్నదో కండ్లకు కనబడది" అన్నాడు. ఇద్దరూ జరిగారు. ఆయన చేతికింద ఉన్న మీట ఒకటి నొక్కి, మళ్ళీ రేజ్ చేశాడు. ముక్కు కొద్దిగా లేచి, కొన్ని క్షణాల్లోనే కిందికి వాలింది. పడవ తేలికై, నీటిమీద జారుతున్నట్లు పరుగెత్తింది. అప్పుడు కనిపించింది మాకు. చాలా దూరంలో, మేము వెళ్ళే దారిలోనే, ఒక చిన్న తెప్పమీద ఒక మనిషి ఒంటరిగా కూర్చుని వల వేస్తున్నాడు!

తిరిగి వచ్చేటప్పుడు ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. "సార్, ఇంజన్ అదే, మనుషులూ అంతమందే. ఇద్దరు చోటు మారితే, ఒక మీట నొక్కితే పడవకు అంత వేగం ఎక్కడినుంచి వచ్చింది?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఆర్కిమెడీస్‌నూ న్యూటన్‌నూ ఒకే పడవలో కూర్చోబెట్టి చూద్దాం, రండి.

తేలే ఇటుక, గెంతే పెంకు

ములుగు పిల్లలకు తేలడం గురించి వేరే చెప్పాలా? 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుకలు నీటిలో వేస్తే తేలుతాయని మీకు తెలుసు. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ కట్టడాల పట్టికలో చేరింది. ఆ ఇటుక నిండా సన్నని గాలి రంధ్రాలు ఉన్నాయి. దాని సాంద్రత నీటి సాంద్రత కన్నా తక్కువ. అందువల్ల అది కదలకుండా ఉన్నా తేలుతుంది. తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బలంతో నీరు దాన్ని పైకి నెడుతుంది. ఇది ఆర్కిమెడీస్ సూత్రం. ఒడ్డున కట్టివేసిన పడవ కూడా ఇలాగే తేలుతుంది.

ఇక రెండవది చూడండి. చెరువు గట్టున నిలబడి పలుచని పెంకును ఏటవాలుగా విసిరితే అది నీటిమీద కప్పలాగా గెంతుతూ పోతుంది. పెంకు నీటికన్నా బరువైనది. నెమ్మదిగా వదిలితే బుడుంగున మునుగుతుంది. మరి విసిరినప్పుడు ఎందుకు మునగలేదు? వేగంగా పోతున్న పెంకు నీటిని కిందికి తోసింది. నీరు పెంకును పైకి తోసింది. ఇది న్యూటన్ మూడవ గమన నియమం. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుంది గదా!

మొదటిది నిలకడ మీద తేలడం. రెండవది వేగం వల్ల తేలడం. మా పడవ ఒడ్డు దగ్గర ఇటుకలాగా తేలింది, చెరువు నడుమ పెంకులాగా పరుగెత్తింది. ఈ రెండవ స్థితినే 'ప్లేనింగ్' అంటారు. ఒక స్థితి నుంచి మరొక స్థితికి మారే చోటే చిక్కంతా ఉంది.

పడవ తనకు తానే కట్టుకున్న గుట్ట

నీటిలో పోయే ప్రతి పడవా అలలను లేపుతుంది. ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. దాని వెనుక మరొకటి, ఇంకొకటి. ఈ అలలు పడవతోపాటు అదే వేగంతో ప్రయాణం చేస్తాయి. నీటి అలలకు ఒక గుణం ఉంది. పొడవైన అల వేగంగా పోతుంది, పొట్టి అల నెమ్మదిగా పోతుంది. కనుక పడవ వేగం పెరిగేకొద్దీ అది లేపే అలలు కూడా పొడవవుతాయి.

పడవ నెమ్మదిగా పోయేటప్పుడు దాని పక్కన మూడు నాలుగు అలల శిఖరాలు కనిపిస్తాయి. వేగం పెంచితే అవి రెండు అవుతాయి: ఒకటి ముక్కు దగ్గర, మరొకటి పడవ వెనుక అంచు దగ్గర. అనగా అల పొడవు పడవ పొడవుకు సమానమైందన్నమాట. ఆ వేగం ఎంతో లెక్క కట్టవచ్చు. పడవ పొడవును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.25తో గుణించండి. వేగం సెకనుకు మీటర్లలో వస్తుంది. 4 మీటర్ల పడవకు వర్గమూలం 2. వేగం సెకనుకు 2.5 మీటర్లు, అంటే గంటకు 9 కిలోమీటర్లు. 16 మీటర్ల పడవకు గంటకు 18 కిలోమీటర్లు. పొడవు నాలుగింతలైతే ఈ వేగం రెండింతలవుతుంది.

ఆ వేగాన్ని మించాలని ఇంకా రేజ్ చేస్తే ఏమవుతుంది? అల ఇంకా పొడవవుతుంది. వెనుక ఉన్న శిఖరం పడవను వదిలి ఇంకా వెనక్కు పోతుంది. పడవ వెనుక భాగం కింద ఇప్పుడు శిఖరానికి బదులు పల్లం ఉంటుంది. వెనుక భాగం ఆ పల్లంలోకి దిగుతుంది. ముక్కు ముందున్న అల మీదికి ఎక్కుతుంది. పడవ గుట్ట ఎక్కుతున్న ఎడ్లబండిలాగా అవుతుంది. కాని బండికి గుట్ట ఎక్కడో ఒకచోట అయిపోతుంది. పడవ గుట్ట పడవతోపాటే నడుస్తుంది! ఎంత ఎక్కినా తరగదు. ఇంజన్ శక్తిలో చాలా భాగం అలలను లేపడానికే ఖర్చవుతుంది. మా పడవ ముక్కు లేచి, హోరు పెరిగి, వేగం పెరగకపోవడానికి కారణం ఇదే.

ఓడల మీద అలల నిరోధాన్ని పద్ధతిగా కొలిచిన ఇంజనీరు ఇంగ్లండుకు చెందిన విలియం ఫ్రూడ్. ఆయన 1870వ దశకంలో టార్కీ పట్టణంలో పొడవైన నీటితొట్టి కట్టించి, చిన్న నమూనా ఓడలను అందులో లాగి చూసి లెక్కలు కట్టాడు. ఈనాటికీ ఓడల ఇంజనీర్లు 'ఫ్రూడ్ సంఖ్య' అనే పేరుతో ఆయనను తలచుకుంటారు.

గుట్ట దాటిన తరువాత

ఇంజన్‌కు చాలినంత బలముండి, పడవ అడుగు చదునుగా, తేలికగా ఉంటే, అది ఆ గుట్ట మీదికి ఎక్కి దాన్ని దాటేస్తుంది. అప్పుడు పడవ అడుగు నీటిని పెంకులాగా కిందికి తోస్తూ పోతుంది. ప్రతిచర్య పడవను పైకెత్తుతుంది. పడవ బరువులో ఎక్కువ భాగాన్ని ఇప్పుడు వేగం మోస్తుంది. నీటిలో మునిగిన భాగం తగ్గుతుంది. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. కాబట్టి నీటిని తాకే భాగం తగ్గితే ఒరిపిడి ఎంత తగ్గుతుందో ఊహించుకోండి. వెనుక అలలు కూడా చిన్నవవుతాయి. 5 మీటర్ల పడవ సుమారు గంటకు 25 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి ఈ స్థితికి చేరుతుంది.

అయితే పడవ నీటితో ఎంత కోణం చేయాలన్నది ముఖ్యం. మరీ చదునుగా ఉంటే అడుగంతా నీటికి అంటుకొని ఒరిపిడి పెరుగుతుంది. మరీ ఏటవాలుగా ఉంటే నీటిని కిందికి తోయడానికి బదులు ముందుకు తోస్తుంది. సుమారు 3 నుంచి 5 డిగ్రీల వాలు బాగుంటుంది. ఈ వాలును సరిచేయడమే 'ట్రిమ్'. దాన్ని మూడు విధాల చేయవచ్చు.

మొదటి పద్ధతి: మనుషులను జరపడం

పడవ కూడా తక్కెడ వంటిదే. దాని గరిమనాభి వెనుకకు ఉంటే వెనుక దిగుతుంది, ముక్కు లేస్తుంది. మోటారు బరువు ఎలాగూ వెనుకనే ఉంది. దానికి తోడు మనుషులు కూడా వెనుకనే కూర్చుంటే?

పడవ, మోటారు, మనుషులు అంతా కలిపి 600 కిలోలు అనుకుందాం. మొత్తం 60 కిలోలుండే ఇద్దరు పిల్లలు 2 మీటర్లు ముందుకు జరిగారు. గరిమనాభి ఎంత జరుగుతుంది? 60ని 2తో గుణించి 600తో భాగించండి. 0.2 మీటరు, అంటే 20 సెంటీమీటర్లు. 5 మీటర్ల పడవకు ఇది చిన్న మార్పు కాదు. గుట్ట ఎక్కలేక ఆయాసపడే పడవను గుట్ట దాటించడానికి ఇది చాలు.

రెండవ పద్ధతి: వెనుక రేకులు

ప్రతిసారీ మనుషులను అటూ ఇటూ జరపడం కుదరదు గదా! అందుకని పెద్ద మోటారు పడవలకు వెనుక పలక అడుగు అంచున, కుడి ఎడమల రెండు లోహపు రేకులు బిగిస్తారు. వీటిని 'ట్రిమ్ ట్యాబ్‌లు' అంటారు. తలుపు రెక్కలాగా ఒకవైపు కీలు ఉంటుంది. మీట నొక్కితే రేకు కిందికి వంగుతుంది.

పడవ అడుగు నుంచి వచ్చే నీరు ఈ వంగిన రేకుకు తగిలి కిందికి మళ్ళుతుంది. ప్రతిచర్యగా రేకు పైకి నెట్టబడుతుంది. దాంతో పడవ వెనుక భాగం లేస్తుంది, ముక్కు దిగుతుంది. రేకు మీద పనిచేసే బలం 40 కిలోల బరువుకు సమానమనీ, అది గరిమనాభికి 2 మీటర్ల వెనుక ఉన్నదనీ అనుకోండి. 40 కిలోల పిల్లవాణ్ణి 2 మీటర్లు ముందుకు జరిపితే ఎంత ఫలితమో, ఇక్కడా అంతే ఫలితం. రేకు చేసేది మనిషి చేసే పనే!

రెండు రేకులనూ విడివిడిగా కదపవచ్చు. ఎడమవైపు బరువైనవారు కూర్చుని పడవ ఎడమకు ఒరిగితే, ఎడమ రేకును దించాలి. ఆ వైపు లేచి పడవ సమంగా నిలుస్తుంది.

ఒక సంగతి మరవకండి. రేకుకు బలం నీటి వేగం వల్ల వస్తుంది. వేగం రెండింతలైతే బలం దాదాపు నాలుగింతలవుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు బాగా దించిన రేకును, వేగం వచ్చాక అలాగే ఉంచితే ముక్కు నీటిలోకి గుచ్చుకుంటుంది. అప్పుడు పడవ ముక్కుమీద తిరుగుతూ దారి తప్పుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ రేకులను పైకి తీయాలి.

మూడవ పద్ధతి: మోటారును వంచడం

లక్నవరంలో మేము ఎక్కిన పడవకు రేకులు లేవు. మరి ఆయన నొక్కిన మీట ఏమిటి? అది మోటారు వాలును మార్చే మీట.

పడవ వెనుక పలకకు బయట తగిలించే మోటారును అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో దీన్ని వాడుకకు అనువుగా తయారుచేశాడు. మోటారు కింది కొసన పంకా ఉంటుంది. అది నీటిని వెనక్కు నెడుతుంది, పడవ ముందుకు పోతుంది.

మోటారు కింది కొసను పడవ వైపుకు లాగామనుకోండి. ఇప్పుడు పంకా నీటిని వెనక్కూ, కొద్దిగా కిందికీ నెడుతుంది. కనుక పడవ వెనుక భాగం ముందుకూ, కొద్దిగా పైకీ నెట్టబడుతుంది. వెనుక లేస్తే ముక్కు దిగుతుంది. దీన్ని లోపలికి ట్రిమ్ చేయడం అంటారు. కొసను పడవనుంచి దూరంగా జరిపితే అంతా తలకిందులు. పంకా నీటిని కొద్దిగా పైకి నెడుతుంది, పడవ వెనుక దిగుతుంది, ముక్కు లేస్తుంది. ఇది బయటికి ట్రిమ్ చేయడం.

రేకులు ముక్కును దించగలవు గాని ఎత్తలేవు. మోటారు వాలు ముక్కును దించగలదు, ఎత్తగలదు కూడా. కాని ఒక్క మోటారే ఉంటే దాని వాలు పక్కకు ఒరిగిన పడవను సరిచేయలేదు. రెండూ ఉన్న పడవలో ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది.

నేర్పరి ఏం చేస్తాడు?

అనుభవం ఉన్నవాడు బయలుదేరేటప్పుడు మోటారును లోపలికి లాగి, రేకులుంటే దించి ఉంచుతాడు. ముందు దారి ఖాళీగా ఉందని చూసుకున్నాకే రేజ్ చేస్తాడు. ముక్కు లేచి, గుట్ట దాటి, కిందికి వాలుతుంది. అప్పుడు రేకులను పైకి తీసి, మోటారును కొంచెం కొంచెంగా బయటికి జరుపుతాడు. ముక్కు కొద్దిగా లేచి, నీటిని తాకే భాగం తగ్గి, అదే ఇంజన్‌తో వేగం ఇంకా పెరుగుతుంది.

ఎక్కడ ఆపాలి? ఆ సంగతి పడవే చెబుతుంది. మోటారును మరీ బయటికి జరిపితే ముక్కు లేచి పడుతూ, లేచి పడుతూ పడవ గెంతడం మొదలుపెడుతుంది. లేదా పంకా గాలిని పీల్చుకొని నీటిమీద పట్టు కోల్పోతుంది. ఇంజన్ ఒక్కసారి కీచుమని అరుస్తుంది. అప్పుడు కాస్త లోపలికి లాగాలి. మలుపు తిప్పే ముందు కూడా లోపలికి లాగి, వేగం తగ్గించాలి.

ముక్కు అదుపు తప్పితే ఏమవుతుందో లోకం 1967 జనవరి 4న చూసింది. ఇంగ్లండులోని కొనిస్టన్ సరస్సులో డొనాల్డ్ క్యాంప్‌బెల్ 'బ్లూబర్డ్' అనే జెట్ పడవను గంటకు 480 కిలోమీటర్లు మించి నడపాలని ప్రయత్నించాడు. ఆ వేగంలో ముక్కు కొద్దిగా లేచింది. దాని కిందికి గాలి చొరబడి పడవను పైకెత్తి పల్టీ కొట్టించింది. క్యాంప్‌బెల్ ప్రాణాలు కోల్పోయాడు.

మీరే చేసి చూడండి

ఒక జానెడున్నర థర్మోకోల్ పలక తీసుకోండి. ముందు అంచు మధ్యలో దారం కట్టండి. సిమెంటు నీళ్ళతొట్టిలో వేసి, దారాన్ని నీటికి సమాంతరంగా లాగండి. ఇప్పుడు పలక వెనుక భాగం మీద చిన్న రాయి పెట్టి అదే వేగంతో లాగండి. ముందు భాగం లేస్తుంది, వెనుక అల పెద్దదవుతుంది. రాయిని అలాగే ఉంచి, రెండు వేళ్ళ వెడల్పున్న ప్లాస్టిక్ అట్టముక్కను వెనుక అంచుకు అంటించి, కొద్దిగా కిందికి వంచండి. మళ్ళీ లాగండి. వెనుక భాగం లేచి ముందు భాగం దిగడం గమనిస్తారు. అట్టముక్కను ఒక పక్కనే అంటించి కూడా చూడండి. ప్రయోగం తొట్టిలోనే చేయాలి సుమా! చెరువు దగ్గర, కాలువ దగ్గర వద్దు.

తెప్పమీది మనిషి

ఇంతకూ ఇదంతా వేగం కోసమేనా? కాదు. ముక్కు లేచి ఉన్న ఆ మధ్య వేగం అన్నిటికన్నా చెడ్డది. ఒకటి, నూనె ఖర్చు. రెండు, నడిపేవాడికి ముందు ఏమీ కనిపించదు. మూడు, పడవ లేపే అల ఆ వేగంలోనే బాగా పెద్దది. ఆ అల తెప్పలను, పుట్టులను ఊపేస్తుంది, చెరువు కట్టను కోస్తుంది. కాబట్టి మనుషులు, తెప్పలు, వలలు ఉన్నచోట 'కాస్త తగ్గిద్దాం' అనుకోవడం తప్పు. ప్లేనింగ్ నుంచి కాస్త తగ్గిస్తే పడవ మళ్ళీ గుట్ట ఎక్కే స్థితికే వస్తుంది. అల ఇంకా పెరుగుతుంది. తగ్గిస్తే పూర్తిగా తగ్గించాలి. లక్నవరంలో మా పడవ నడిపే ఆయన అదే చేశాడు. తెప్పకు చాలా దూరంలోనే రేజ్ పూర్తిగా తీసేశాడు. మా పడవ వెనుక అల చిన్నదై, తెప్పను చేరేసరికి ఉయ్యాలలాగా మెల్లగా ఊపింది. ఆ మనిషి తలెత్తి చూసి, మళ్ళీ తన వల సర్దుకున్నాడు.

2023 జూలైలో మన జిల్లాకు వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామంలో ప్రాణాలు పోయాయి. అటువంటి వేళ సహాయక దళాలవారు మోటారు బిగించిన రబ్బరు పడవల్లో వస్తారు. ఆ పడవ ఖాళీగా వచ్చేటప్పుడు గుట్ట దాటి పరుగెత్తగలదు. మనుషులను నింపుకొన్నాక అదే ఇంజన్ దాన్ని గుట్ట దాటించలేకపోవచ్చు. అప్పుడు ఎంత రేజ్ చేసినా ముక్కు లేస్తుంది గాని వేగం రాదు. నెమ్మదిగా రావడమే క్షేమం. మిమ్మల్ని ఎప్పుడైనా పడవలో "ఇక్కడ కూర్చో, లేవకు" అంటే విసుక్కోకండి. మీ బరువును ఎక్కడ ఉంచాలో వాళ్ళు లెక్క వేసే చెబుతున్నారు.

కనుక పిల్లలూ, ఈసారి పడవ ఎక్కితే ముందుగా లైఫ్ జాకెట్ తాళ్ళు బిగించుకోండి. చూపిన చోటే కూర్చోండి. చోటు మారమంటే పడవ నిలిచాకే, వంగి, మెల్లగా జరగండి. ముక్కు ఎంత లేచిందో, వెనుక అల ఎంత ఎత్తుందో గమనించండి. ఆ తరువాత ముందు వైపు ఒకసారి పరికించండి. అక్కడ తెప్పమీద ఎవరైనా ఉండవచ్చు.